వచ్చే నెలకు వాయిదా

మా మైదానం చదునుగా ఉండదు.
ఒక గోలు చర్చి గోడ పక్కన,
రెండోది దిగువన, సముద్రం అంచున.
నీరు పల్లమెరుగు అంటాం కదా,
కెట్‌హోమ్‌లో బంతి కూడా ఎరుగు.
టాసు గెలిచినవాడు ముందు ఎగువకే ఆడతానంటాడు,
ఊపిరి ఉండగానే కష్టం తీర్చుకుందామని.
నూటపదిహేనేళ్లుగా ఇదే మా వ్యూహం.
ఇంకోటి ఎవరికీ తట్టలేదు.

క్లబ్బుకి నేను పదమూడో కార్యదర్శిని.
వారమంతా మందుల షాపులో మాత్రలు లెక్కపెడతాను.
శనివారం పొద్దున సున్నం బండి తోసుకుంటూ గీతలు గీస్తాను.
మా అక్క చూస్తే తుడిచి మళ్లీ వెయ్యమంటుంది,
అదేదో ముగ్గయినట్టు.

బీరువా అడుగున నాలుగు మినిట్స్ పుస్తకాలు.
బూజు, కిరోసిను, చేపల వాసన.
చేపలెందుకో మొదటి పేజీలోనే ఉంది:
"గోలుకి వల కొనే డబ్బు లేదు.
ఐజాక్ వెరిల్ తన హెర్రింగ్ వల ఇస్తాడు,
వేట మొదలయ్యేదాకా."
వేట మొదలయ్యాక,
బంతి కర్రల మధ్య పోయిందా, పక్కనుంచి పోయిందా అని
ఆ ఒక్క ఏడాదే మూడు కొట్లాటలు.

ఇంకో పేజీ:
"బంతి సముద్రంలో పోయింది. కొత్తది కొనాలి.
వచ్చే నెలకు వాయిదా."
వచ్చే నెల:
"బంతి దొరికింది. డచ్చి పడవవాళ్లు తెచ్చిచ్చారు.
కృతజ్ఞతలు రాయాలి. చిరునామా తెలీదు."

పద్నాలుగు శరత్తులో చేతిరాత మారింది.
ఎడ్విన్ థీకర్ కోడిగీతలు ఆగిపోయి
గుండ్రటి అక్షరాలు వచ్చాయి. అతని భార్య హానా.
ఆమెను ఎన్నుకున్నట్టు ఏ తీర్మానమూ లేదు.
ప్రతి శనివారం తేదీ వేసి, కింద ఒకటే వాక్యం:
"ఈ వారం ఆట లేదు."

మాత్రలు లెక్కపెట్టే అలవాటు నాది. లెక్కపెట్టాను.
నూటనలభై రెండు.

ఒక వారం మాత్రం:
"ఈ వారం ఆట లేదు. మాథ్యూ స్టోర్, ఎడమ అంచు."
ఆ పై నెల:
"ఈ వారం ఆట లేదు. ఎడ్విన్. గోలు."
ఆ పై శనివారం మళ్లీ ఒట్టి వాక్యమే.
సిరా ఎక్కడా అలుక్కుపోలేదు.

పంతొమ్మిదిలో, కొత్త చేతిరాత:
"మనవాళ్లు ఏడుగురే వచ్చారు.
కొండకింది జట్టు తమలో నలుగుర్ని కూచోబెట్టింది.
ఎవరూ అడగలేదు."
స్కోరు రాయలేదు.

తర్వాతవి గబగబా తిప్పేశాను, మీరూ తిప్పేయండి:
అప్పులు, జరిమానాలు, ఎవరో ఎత్తుకుపోయిన టీ కెటిల్.
రైలు ఆగిపోయాక ఒక పెట్టె కొని
బట్టలు మార్చుకునే గది చేసుకున్నారు.
దానికి ఇప్పటికీ "పొగతాగరాదు" బోర్డు.
ఒక జనవరి తుఫానుకి చరియ విరిగి
కార్నర్ జెండా నీళ్లలోకి పోయింది.
మైదానాన్ని పది అడుగులు చర్చివైపు జరిపారు.
మళ్లీ పది. మళ్లీ ఆరు.
ఇక జరగడానికి గోడ ఉంది, దాని వెనక సమాధులున్నాయి,
వాటిలో మా పాత బ్యాకులు ముగ్గురున్నారు.

ఇప్పుడు సగం ఇళ్లు సెలవులకొచ్చేవాళ్లవి.
తలుపు పక్కన అంకెల పెట్టెలో తాళంచెవి,
లోపల ఎవరూ ఉండరు.
జట్టెక్కణ్నించి వస్తుంది?

నిన్న తొమ్మిదిమంది.
కేఫు వంటవాడు, పీతల పడవ దిగి
అలాగే వచ్చేసిన అన్నదమ్ములు,
గోల్లో పదహారేళ్ల టోబీ.
"సెక్, నీ సైజెంత?" అన్నాడు వంటవాడు.
అలా పదోవాణ్నయ్యాను,
యాభైమూడేళ్లు, అరువు బూట్లు.

ఎగువ సగంలోనే ఐదు తిన్నాం.
దిగువ సగంలో ఇంకొకటి.
చివర్లో, వానలో, నేను నడుం పట్టుకుని వంగి ఉండగా
బంతి దానంతటదే దొర్లుకుంటూ వచ్చి
నా మోకాలి కింద తగిలి లోపలికి పోయింది.
నేను తన్నలేదు. పల్లం తన్నింది.
అయినా అన్నదమ్ములు నన్ను బురదలో పడేసి మీద కూచున్నారు.

రాత్రి పుస్తకం తీశాను.
ఆరు–ఒకటి, ఓటమి. వాన.
గోలు కొట్టినవారి గడిలో నా పేరు పట్టక
పక్క గడిలోకి పోయింది.
అంచున, పెన్సిలుతో, తెలుగులో మూడు మాటలు రాశాను.
పద్నాలుగో కార్యదర్శి ఎవరో గాని
పురుగు తిన్న జాడ అనుకుంటారేమో, అనుకోనీ.
హానాకి చెప్పాలనిపించింది:
ఈ వారం ఆడాం.

వల దిగువ మూల చిరిగింది. దారం కొనాలి.
వచ్చే నెలకు వాయిదా.