గది సంఖ్య: మోకాలి లోతు

చెర్రీ పూలు విచ్చే వరుసలోనే
కాలేజీలు మూతపడతాయని ఇక్కడో మాట.
కొహుంగ్ అంటే కొరియాకి దక్షిణపు కొస.
మొదటి పూత మాదే,
మొదటి తాళమూ మాదే కావాలి మరి.

నేను రిజిస్ట్రారు ఆఫీసులో గుమస్తాని. పేరు టాక్.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పేర్లు రాస్తున్నాను.
నాలుగు వేల పేర్లు రాసిన చేతికి
ఈ ఏడు ముప్ఫై ఏడే దొరికాయి.
మిగిలిన సిరా పెన్నులోనే గడ్డకట్టింది.

మొదట మా ఊళ్ళలో పిల్లలు పుట్టడం మానేశారు.
తర్వాత హనోయి నుంచి, సమర్‌కంద్ నుంచి వచ్చారు,
హాస్టల్ వంటగదిలో కొత్తగా జీలకర్ర వాసన.
తర్వాత వాళ్ళూ రాలేదు.
చదువే వాళ్ళిళ్ళకి నడిచి వెళ్ళిందట,
వాళ్ళ అమ్మ మాటల్లో, వాళ్ళ అన్నం వేళకి,
విసుగెరగని గొంతుతో.
అబద్ధమెందుకు, ఆ గొంతు నిజంగానే విసుక్కోదు.
అడిగిందే ఏడుసార్లు అడిగినా
ఎనిమిదోసారికి ఇంకో ఉదాహరణ వెతికి తెస్తుంది.
నా చిన్నప్పటి లెక్కల మేస్టారు
రెండోసారికే సుద్దముక్క విసిరేవాడు.
గురి మాత్రం ఏనాడూ తప్పలేదు.

మూడో నంబరు హాల్లో ఇప్పుడు పుట్టగొడుగులు పెంచుతున్నారు.
చీకటి, తేమ, మెట్లుమెట్లుగా బల్లలు.
వాటికి అంతకన్నా ఏం కావాలి?

మార్చి రెండున
తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది.
రబ్బరు బూట్లు, చంకలో తడిసిన దరఖాస్తు.
గుక్ మల్‌సున్. డెబ్బై నాలుగేళ్ళు. సముద్రంలో నాచు సాగు.
ఏ కోర్సమ్మా అన్నాను.
“నా నాచు ఎందుకు తెల్లబోయిందో చెప్పే కోర్సు.”

నీళ్ళు నమిలాను.
అది కోర్సు కాదమ్మా, ఒక్క ప్రశ్న.
ఆ గోడ మీది తెరని అడగండి,
పావుగంట పట్టదు, ఫీజూ లేదు.

“అడిగాను. నీళ్ళలో నత్రజని తగ్గిందంది.
తగ్గితే పడమటి తాళ్ళకి నల్లగా ఎలా కాసిందన్నాను.
నీళ్ళు అవే, కట్టిన రోజు అదే, చేతులు ఇవే.
మంచి ప్రశ్న అంది.
సమాచారం చాలదంది.
మెచ్చుకుంది, ఊరుకుంది.
మెచ్చుకునేవాళ్ళు నాకెందుకయ్యా,
కాదనేవాళ్ళు కావాలి.”

యాంగ్ హుయిదోంగ్ గారి సొరుగులో
రాజీనామా ఉత్తరం రెండేళ్ళుగా ఉంది, తేదీ వేయకుండా.
ఆయన గదికి తీసుకెళ్ళాను.
పడమటి తాళ్ళ సంగతి విని
“అలా జరగదు” అన్నాడు.
“జరిగింది.”
“జరగదు.”
“పడవ ఉంది, రా.”
ఇద్దరూ అరుచుకుంటూ మెట్లు దిగారు.
ఆ వరండాలో మనిషి గొంతు లేచి ఎన్నాళ్ళయిందో!
పుట్టగొడుగులతను బయటికొచ్చి చూశాడు.

అక్టోబరులో జుల్ఖుమోర్ వచ్చింది,
సమర్‌కంద్‌లో ఇంట్లోనే డిగ్రీ ముగించిన పిల్ల.
నూట నలభై నాచుల పేర్లు నోటికొచ్చు.
సముద్రాన్ని మాత్రం చూడలేదు.
మొదటి రోజు పడవలో మూడుసార్లు వాంతి చేసుకుంది,
నాలుగోసారి తల పైకెత్తి
“తూర్పు తాళ్ళు వదులుగా ఉన్నాయేం?” అని అడిగిందట.
ముసలావిడా ప్రొఫెసరూ
ఆ రోజుకి పోట్లాట ఆపి తాళ్ళు కొలిచారు.

హాజరు పట్టీతో చిక్కు నాది.
వేళ అని ఉన్నచోట “ఆటు దిగాక” అని,
గది సంఖ్య అని ఉన్నచోట
“మోకాలి లోతు” అని కొట్టాను.
యంత్రం రెండుసార్లు తిప్పి పంపింది.
మూడోసారి ఎందుకో ఊరుకుంది.

డిసెంబరులో మంత్రిత్వశాఖ ఉత్తరం.
ఫిబ్రవరి ఆఖరుకి మూసివేత.
చదివి వినిపించాను.
మల్‌సున్ చేతి గ్లవ్సు విప్పి, మళ్ళీ తొడుక్కుంది.
“ఫిబ్రవరా? కోత ఏప్రిల్ దాకా ఉందే!
కోతయ్యాక రమ్మను.”

ఆ మాటని సర్కారు భాషలోకి దించడానికి
పొద్దుట్నుంచీ కూర్చున్నాను.
సాయం చేయనా అంది గోడ మీది గొంతు, ఎంతో మర్యాదగా.
కాసేపాగు అన్నాను.
మొదటి వాక్యం కొట్టేశాను,
రెండోదీ.