ఖరీఫ్ గది

మా ఊళ్లో ఖరీఫంటే నాట్లు.
సలాలాలో అద్దెలు.

తాళంచెవి కుండీ కింద పెట్టి
మూడుసార్లు వెనక్కొచ్చి చూసుకున్నాను.
కొత్త దుప్పట్ల మడతలింకా పోలేదు.
గోడమీద అరచేయంత చెమ్మ,
సున్నం కొట్టినా మళ్లీ తేలింది.
కుర్చీ అడ్డంగా జరిపాను.

రియాద్ నుంచి అయిదుగురు.
ఏసీ రిమోట్ చూపించబోతే
ముసలావిడ కిటికీ బార్లా తెరిచింది.
తుంపర తివాచీ మీదికే వచ్చింది.
గుడ్డ కోసం పరిగెత్తాను.
"ఖల్లీ," అంది, ఉండనీ అని,
చెయ్యి బయటికి చాపి.

పద్నాలుగేళ్లు ఎవరెవరివో ఇళ్లు తుడిచాను.
తడిని వదిలెయ్యమన్నవాళ్లు లేరు.

పొద్దున చాయ్ తెచ్చేసరికి
కుర్చీ పక్కకుంది,
చిన్నపిల్ల గోడకి చెంప ఆనించి
నిద్రకళ్లతో నవ్వుతోంది.

రాత్రి ఫోన్లో ప్రకటన దిద్దాను:
వైఫై. వంటగది.
ఒక తడిగోడ.