అడ్వాన్సు

పోయినేడు జూలైలో
కట్టాల్సిందంతా ఒక్క మూటగా పట్టుకుపోతే
వడ్డీ వేశారు.
"ఆలస్యమేంది, ముప్పై ఒకటి దాకా గడువుంది కదా" అన్నాను.
ఆడిటరు గారి గుమాస్తా మాల్యాద్రి నవ్వాడు.
"అది లెక్క చెప్పే గడువక్కా.
డబ్బు గడువులు నాలుగూ మార్చికే దాటిపోయినయ్."

కావలి ట్రంకు రోడ్డులో, మందుల షాపు మేడ మీద
నాది పూలజడల కొట్టు. పెళ్ళికూతురి ముస్తాబు కూడా.
నాకు తెలిసిన గడువులన్నీ పంచాంగంలోవి:
మాఘం, వైశాఖం, శ్రావణం.
మూఢమొస్తే మల్లెల బుట్ట బోర్లించడమే.

మాల్యాద్రి ఇంకో పంచాంగం రాసిచ్చాడు,
ఎవరిదో పాత శుభలేఖ వెనక.
జూన్ పదిహేను. సెప్టెంబరు పదిహేను.
డిసెంబరు పదిహేను. మార్చి పదిహేను.
ఆషాఢం గుమ్మంలో ఒకటి,
మహాలయ పక్షాల దరిదాపుల్లో ఒకటి,
తెల్లారితే ధనుర్మాసమనగా ఇంకొకటి.
గల్లాపెట్టె మోగని రోజులే ఏరి పెట్టినట్టు.

మా ఆయన జీతగాడు.
ఆయన పన్ను కళ్ళంలోనే కొలిచి తీసుకుంటారు,
గింజ ఇంటికి చేరకముందే.
నేనేమో కంకి ఇంకా పాలు పోసుకుంటుండగానే
పండబోయేది ఊహించి కొలవాలంట.

"ఏడాదికి నలభై వేలనుకో" అన్నాడు.
"జూనుకి ఆరు. సెప్టెంబరుకి పన్నెండు,
డిసెంబరుకి మళ్ళీ పన్నెండు. మిగిలిన పదీ మార్చిలో."
నా వేళ్ళు ఊరుకోవు, వాటంతటవే అల్లుకున్నాయి:
మొదటి పాయ సన్నం, నడిమి రెండూ లావు,
చివరిది కాస్త తగ్గు.
ఇట్టాంటి జడ వీపు మీద వంకరపోతుంది.

"చేతికి రాని డబ్బుకి ముందే పన్నేంది?"
కొట్టుకొచ్చి గొంతు లేపాను.
కనకాంబరాలు గుచ్చుతా, తలెత్తకుండా
పెంచలమ్మ అన్నది:
"అడ్వాన్సు లేకుండా మనమెప్పుడన్నా
ఒక్క జడకి సూది పట్టామా మే?"

సెప్టెంబరు పదిహేను.
బుట్టలు బోర్లించే ఉన్నాయి.
మాల్యాద్రి బల్ల ముందు కూర్చుని
ఫోనుకొచ్చిన ఆరంకెలూ చదివి చెప్పాను.
నిమిషంలో అయిపోయింది. ఒక్క జడపిన్ను పెట్టినంత సేపు.
చలానా మడిచి సంచిలో పెట్టుకుంటా అడిగాను,
"ఊహ తప్పి ఎక్కువ కట్టేస్తే?"
"తిరిగిచ్చేస్తారక్కా. మిగిలింది నీ ఖాతాలోనే పడుద్ది."

మెట్లు దిగుతుంటే
అల్లూరు పిల్ల గుర్తొచ్చింది.
వైశాఖంలో సంబంధం తప్పిపోతే
వాళ్ళమ్మ వచ్చి కొట్టు ముందు నిలబడింది,
రెండు వేల అడ్వాన్సు అడగనూలేక, పోనూలేక.
పూలకి నేనింకా చెప్పలేదు.
చెప్పేశానన్నాను.