వంతు నిద్ర

పెళ్లయి ఎనిమిది నెలలు,
లైసెన్సులు చేతికొచ్చి పదకొండు రోజులు.
ట్రక్కు కంపెనీది.
తలుపు మీది నెంబరు మాత్రం
ఇద్దరికీ కంఠతా వచ్చేసింది.

పగలు ఒడెల్ నడపాలి, రాత్రి నేను.
అదీ ఒప్పందం.
టెనెసీ దాటకముందే తారుమారైంది.
చీకట్లో ఎదురు దీపాలు నాకు కళ్లల్లో పొడిచినట్టుంటాయి.

సీట్ల వెనక తెర, తెర వెనక పరుపు.
అతను దిగుతాడు, నేనెక్కుతాను.
అతని ఒంటి వేడి ఇంకా పరుపులోనే ఉంటుంది.
ఈ నెల మా కాపురమంతా
ఆ వేడి ఆరేలోపు అందుకోవడమే.

మాకు నేర్పిన ముసలాయన, హార్లన్,
గేరు చెవితో మార్చమనేవాడు.
"ఇంజనే చెప్తుంది, విను చాలు."
నాకేమీ చెప్పలేదు ఇంజను,
పటపటా పళ్లు కొరికింది.
పక్కసీట్లో ఒడెల్ కళ్లు మూసుకుని
నా భుజం మీద వేళ్లతో దరువేసేవాడు:
తొక్కు, వదులు, తొక్కు, వదులు.
అలబామాలో, వాళ్ల చర్చిలో
డ్రమ్ములు వాయించిన వేళ్లవి.

నడపడం ఎట్లాగో వచ్చింది.
ముప్ఫై ఆరు టన్నులు కింద దొర్లుతుంటే
వేరొకళ్ల చేతుల్లో ప్రాణం పెట్టి
నిద్రపోవడమే రాలేదు.
మొదటి రాత్రి బూట్లతోనే పడుకున్నాను.

పగటి వంతు కదా,
కిటికీ వైపు నా ఎడమచెయ్యి
ఎర్రగా కమిలి పొట్టు లేచింది.
నెబ్రాస్కా తెల్లతోలు.
మందు రాస్తూ అన్నాడు,
"ఇంకో ఇరవై ఏళ్లు నడుపు,
మోచేతి దాకా మావాళ్లలో కలిసిపోతావు."

హోటళ్లలో బిల్లులు రెండొస్తాయి, అడక్కుండానే.
ఒకే బిల్లు వచ్చిన చోట్లు ఇప్పటికి రెండు.
అందులో ఒకటి పొరపాటున.

ఆగ్డెన్ గోడౌన్ దగ్గర కాపలావాడు
స్టీరింగు ముందు అతన్ని చూశాడు,
తెర సందులోంచి నా రేగిన జుట్టు చూశాడు.
అతన్ని దాటి నన్నడిగాడు:
"అంతా బాగానే ఉందామ్మా?"
ఒడెల్ చేతులు రెండూ
చక్రం మీదికి వాటంతటవే వెళ్లాయి.
"ఉల్లిపాయలు బాగానే ఉన్నాయి," అన్నాను,
"మా ఆయనే రాత్రి నుంచీ తిండి తినలేదు."

ఒక అర్ధరాత్రి కళ్లు తెరిస్తే
క్యాబిన్ అంతా వెలుతురు.
వెనక పోలీసు దీపాలు, నీలం, ఎరుపు.
బండి ఇంకా ఆగనే లేదు,
అప్పటికే లోపలి లైటు వేసి ఉంది.
వెనక బల్బొకటి మాడిపోయిందట, చెప్పి వెళ్లిపోయారు.
"ముందే లైటెందుకు వేశావు?"
"మా అమ్మ నేర్పింది," అన్నాడు,
బూటు లేసు కట్టుకోవడం గురించి చెప్పినంత మామూలుగా.
మా అమ్మ నాకు నేర్పిందొకటే:
ఒక జింక దాటితే
రెండోదాని కోసం ఆగమని.

ఇప్పుడు పోలీసు కారు వెంటపడితే
నేనూ ముందు లైటే వేస్తున్నాను.
"నీకక్కర్లేదు," అంటాడు తెర వెనకనుంచి.
"తెలుసు. పడుకో."

తిరుగుదోవలో సరుకు పసిపిల్లల డైపర్లు.
బండి నిండా ఉన్నా బరువుండదు.
వయోమింగు గాలికి ట్రెయిలరు తాగినట్టు ఊగింది.
రాలిన్స్ దగ్గర గేటు దించేశారు.
ఏప్రిల్లో మంచు, అడ్డంగా.

ఎన్ని రోజులకో ఇద్దరం ఒకేసారి మెలకువగా.
ఏం మాట్లాడాలో తెలీలేదు.
డబ్బా సూపు వేడి చేశాడు,
నేను టైర్ల లెక్క రాశాను,
అది మళ్లీ కొట్టేశాను.
ఆ పరుపు మీద ఇద్దరికి చోటు లేదు,
ఒకరు పక్కకి తిరిగితే రెండోవాళ్లూ తిరగాలి.

తీరా పడుకున్నాక నిద్ర రాదు,
బండి కదలట్లేదు మరి.
గాలి, డైపర్లు, డీజిలు వాసన.
కాసేపటికి నా భుజం మీద దరువు:
తొక్కు, వదులు.
మూడో గేరు, నాలుగో గేరు.
ఆరు దాకా విన్నట్టు గుర్తు.