ఐదో తారీఖు

ఐదో తారీఖు తెల్లారకముందే
ఫోను గుర్రుమంటది.
నూటతొంభై తొమ్మిది పోయినయి.
పండ్లు తోముకునేలోపల ఇంకోటి,
నూటపందొమ్మిది.
మూడోది ఎందుకు పోయిందో
నాకు తెల్వదు, బ్యాంకుకు తెల్సు.

కేబుల్ ఓదెలు తిరిగినప్పుడు
గిట్ల లేకుండె.
చంకల రశీదుబుక్కు, చెవి మీద పెన్ను.
కొత్తవాడ గల్లీ మొదట్ల సైకిలు గంట ఇనవడంగనే
మా అత్త తలుపు దగ్గరికేసి
"ఇంట్ల ఎవ్వరు లేరు బిడ్డా, రేపు రా" అనేది.
లేరన్న గొంతు ఎవరిదని
ఓదెలు ఎన్నడూ అడుగలె.
రేపంటే ఎల్లుండని,
ఎల్లుండంటే కూలి పైసలు చేతులవడ్డంక అని
ఆయనకు ఎర్కే.

గిప్పుడు పైసలు తీస్కపోయేటోనికి మొఖం లేదు.
తలుపు కొట్టడు, మంచినీళ్లడుగడు.
రేపు రా అందామంటే
ఏ దిక్కు తిరిగి అనాలె?

మొన్న దుకాణంల గిరాకి లేక
పాడైన జిరాక్సు కాగితం వెనుక లెక్క రాసిన.
ఒక్క పేజీ కొడితే రెండ్రూపాయలు.
పాటలకు అరవై పేజీలు.
ఎన్నడూ తెరువని యోగాకు నూటయాభై,
అంటే సుబేదారి కోర్టుల
ఒక భూమి పంచాయితి కాగితాలు మొత్తం,
మ్యాపుతో సహా.

యోగాది తీసేద్దామని నొక్కితే
"నిజంగానే వెళ్లిపోతారా?" అనడిగింది.
మళ్లొకసారి ఆలోచించుమన్నది.
సగం ధరకే ఉండుమన్నది.
లగ్గమైన పదహారేండ్లల్ల
నన్ను గంతగనం బతిలాడినోళ్లు లేరు.
జరసేపు ఆగిన, అబద్ధమెందుకు.
అటెన్క నొక్కిన.

సినిమాలది మటుకు నాలుగిండ్లోళ్లం కలిసినం.
మెట్ల మీద కూసోని
పాలోళ్లు బాయినీళ్లు పంచుకున్నట్టు కొట్లాడినం.
కింద జంపఖానాల మొండయ్య,
ఎదురింటి పర్వీన్ సిస్టరు,
మిద్దె మీద గ్రూప్స్‌కు చదివే పోరడు రాజ్‌కుమార్, మేము.
ఇంటికి యాభై. పోరనికి ముప్పై,
నౌకరి వచ్చినంక మిగతది.
పాస్‌వర్డు ఏం పెడ్దామంటే
మొండయ్య ఆయన మగ్గం నెంబరు చెప్పిండు.
మగ్గం అమ్మి మూడేండ్లాయె,
నెంబరు నోటి మీదనే ఉన్నది.

తెర వెలగంగనే "ఎవరు చూస్తున్నారు?" అంటది.
నాలుగు బొమ్మలు, నాలుగు పేర్లు.
అత్తకు నా పేరు నొక్కుడు రాదు,
ఏది తలిగితే దాంట్లకే పోతది.
నేను బయటికి తెద్దామని పోయి
ఒకరొకరి ఎర్రగీతలు చూసిన.

మొండయ్య ఒక్కటే సినిమా నెల సంది చూస్తాండు.
పన్నెండు నిమిషాలు దాటలే.
ఎనుమాముల మిర్చి గోదాముల రాత్రి కావలి,
పగటీలి ఆ మాత్రం కండ్లు తెరిచుండుడే ఎక్కువ.
పర్వీన్ సిస్టరు ఎంజీఎంల పిల్లల వార్డు దిగివచ్చి
పొద్దుగాల ఏడింటికి
పిల్లల కార్టూన్లే చూస్తది.
రాజ్‌కుమార్ పేరు మీద ఇరువై దినాలు ఏం లేదు.
ఫలితాలొచ్చిన రాత్రి మటుకు
తొమ్మిది భాగాలు వరుసవెట్టి,
తెల్లారి నాలుగింటిదాక.

ఏమాయెరా అని అడుగలె.
సర్వపిండి రెండు ముక్కలు పైకి పంపిన.
ఆ నెల ముప్పై కూడ అడుగలె.

మల్ల ఐదో తారీఖొచ్చింది.
ఫోను ఒక్కసారే గుర్రుమన్నది.
మూడు వందల చిల్లర మిగిలిందని
అత్తకు చెప్తే, ఏడున్నయి చూపియ్యుమన్నది.

యాభై అడుగుదామని మెట్లు దిగిన.
మొండయ్యింటి తలుపు దగ్గరికేసున్నది.
చెప్పులు గడప కాడనే ఉన్నయి.
కొట్టిన.
"ఇంట్ల ఎవ్వరు లేరు బిడ్డా,
రేపు రా."
గొంతు మొండయ్యదే.

చెవి మీద పెన్నొక్కటే తక్కువ నాకు.
నవ్వుకుంట మెట్లెక్కిన.