గేజి పుస్తకం వెనక పేజీలు

మా తాత తాతబ్బాయి నలభై తొమ్మిదో ఏట
దమ్ము చేలోనే కూలాడు.
మా నాన్న గనిరాజుకి యాభై రెండు నిండనేలేదు.
నాకిప్పుడు యాభై ఒకటి.
లాకుల మీద లస్కరు ఉద్యోగం,
గుండెలో ఒక స్టెంటు.

"మీ వంశంలోనే ఉంది" అంది అమలాపురం డాక్టరమ్మ.
మార్చగలరా అన్నాను.
జన్యువుల రాత మారదట.
ఆ రాతలో ఏ పంక్తి పైకి చదవాలో
ఏది మడిచి ఉంచాలో
అది మాత్రం కొంత మారుతుందట,
నడిస్తే, తినేది మార్చితే.
ఆమె ఇంకా కాగితం మీద బొమ్మ గీస్తూనే ఉంది,
నాకు నవ్వొచ్చింది.
ముప్ఫై ఏళ్ళుగా నేను చేస్తున్న పనే గదమ్మా!

కాలవ ఎటు పోవాలో
నేను పుట్టకముందే తవ్వేశారు.
నా చేతిలో ఉన్నవి తలుపులే.
ఏ తూముకి ఎన్ని అంగుళాలు,
ఎవరికి వంతు, ఎవరికి మూత.
అదే గోదారి. ఒక గట్టున ఊడ్పులు,
ఒక గట్టున నెర్రెలు.

ఇప్పుడు కోడి కూయకముందే లేస్తున్నాను.
లాకుల నుంచి చింతలగరువు మలుపు దాకా,
కాళ్ళకి మంచు, గుర్రపుడెక్క మీద నీటికోళ్ళు.
మొదటి వారమంతా ఆయాసం.
తొమ్మిదో వారం,
గుండె ఒకటుందని మరిచిపోయి
మలుపు దాటి ఇంకో ఫర్లాంగు నడిచేశాను.

సత్యవేణి నెయ్యి డబ్బాని అటక ఎక్కించింది.
చోడంబలి, పొన్నగంటి కూర,
ఉప్పు తగ్గిన చేపల పులుసు.
ఆ పులుసు తిన్న రోజు
ఊరందరి మీదా కోపం వచ్చేది.
ఒక శనివారం ఆత్రేయపురంలో
నిలబడి మూడు పూతరేకులు తినేశాను.
తనకి చెప్పలేదు. ఇందులో రాస్తున్నాను.

అన్ని తలుపులూ లేవవు, తెలుసు.
మూడో నంబరు షట్టరు తుప్పుపట్టి
ఎంత తిప్పినా జానెడే లేస్తుంది.
మా తాతా నడిచినవాడే, రోజుకి అయిదారు కోసులు,
చుట్ట కాలుస్తూ.
లోపలి మరని ఎవరు తిప్పుతారో
నాకు కనపడదు.
కనపడేది గేజి రాయి ఒక్కటే.
ఇక్కడ నీళ్ళు వదిలినా
శివారు చేలకి చేరేసరికి నాలుగు రోజులు.
అప్పటిదాకా శివారు రైతు నన్ను తిడుతూనే ఉంటాడు.
తిట్టనీ.

ముందు పేజీల్లో సర్కారు లెక్క:
ఎగువ ఆరడుగుల రెండంగుళాలు, దిగువ నాలుగు.
వెనక పేజీల్లో నాది:
బీపీ నూట ముప్ఫై, ఎనభై నాలుగు.
అడుగులు ఆరు వేల నాలుగు వందలు.
పూతరేకులు సున్న.

వచ్చే నెల పదకొండున యాభై రెండు నిండుతాయి.
ఆ తేదీకి ఇప్పుడే గడి గీసి
ఖాళీగా ఉంచాను.