తొక్కే మంచు

దోర్నాల దాకా బస్సు.
ఆ పైన నాయన భుజం.
నాకు ఆరేళ్ళు, తమ్ముడు ఓబేదు అమ్మ చంకలో,
హార్మోనియం పెట్టె అద్దె గాడిద మీద.
అదే మా మిషను.

నల్లమల పెంటలో చలికాలం
సాయంత్రం నాలుగింటికే దిగుతుంది.
కొండ ముందు నీడను పంపుతుంది,
తర్వాత చలిని,
ఆ తర్వాత ఎప్పుడన్నా ఎలుగ్గొడ్డుని.
మా అమ్మ ఫీబమ్మ మూడింటికీ ఒకటే మందు వాడేది:
తలుపుకు అడ్డగడియ, దాని వెనక రోలు.

పొద్దున్నే కుండలో నీళ్ళు పుక్కిలిస్తే పళ్ళు జివ్వుమనేవి.
కొబ్బరినూనె సీసాలో తెల్లగా పేరుకుపోతే
ఎండలో పెట్టి, అది కరిగేదాకా
చింపిరి తలలతోనే కీర్తన పాడేవాళ్ళం.
హార్మోనియంలో రెండు మెట్లు పలకవు, ఎలుకల పని.
"ఆ రెండూ మనసులో పాడుకోండి" అనేవాడు నాయన.
ఆ చోటుకు రాగానే అందరం నోరు మూసుకునేవాళ్ళం.
ఇప్పటికీ ఆ కీర్తన ఎక్కడ విన్నా
అక్కడ నాకు ఊపిరి ఆగుతుంది.

ఒంగోలు నుంచి జీతం మూడు నెలలకోసారి,
రిపోర్టు ఫారం మాత్రం నెలనెలా.
బాప్తిస్మములు. సంఘంలో చేరినవారు. కానుకలు.
నాయన లాంతరు దగ్గరికి జరుపుకుని
మూడు గళ్ళలోనూ సున్నాలు చుట్టేవాడు,
గుండ్రంగా, శ్రద్ధగా, గారెలు తట్టినట్టు.
జ్వరం బిళ్ళలకి గడి లేదు.
ఎలుగు చీరిన మండ్లి పోతన్న వీపుకి
అమ్మ రవికలు కుట్టే సూదితో వేసిన
పదకొండు కుట్లకీ లేదు.

ఆ డిసెంబర్లో పెట్టె వచ్చింది.
ఎక్కడో ఉత్తరాన, పేరు నోరు తిరగని ఊళ్ళో
మాలాంటి కుటుంబమే ఒకటి పంపింది:
ఉన్ని కోటు, ఒంటి చేతి తొడుగు,
అరచేయంత కార్డు.
కార్డు మీద వాళ్ళ ఇల్లు. కిటికీల దాకా మంచు.
తండ్రి పారతో దారి తీస్తున్నాడు,
పిల్లల బుగ్గలు మిరపపండ్లు,
కుక్క ఒకటి నడుం లోతు దిగబడి ఉంది.

పెంటంతా చూడ్డానికొచ్చింది.
ముసలి గురవయ్య కార్డుని ముక్కుకి ఆనించుకుని
"ఏందిది?"
"మంచు" అన్నాడు నాయన.
"మంచా! మంచు గడ్డి మీద ఉంటది, కంకి మీద ఉంటది.
పొద్దెక్కితే పోద్ది."
"ఇది పోదు. దీని మీద నడుస్తారు."
గురవయ్య బీడీ రెండు దమ్ములు లాగి తేల్చాడు:
"తొక్కితే నిలిచేదాన్ని మంచనరయ్యా.
నేల అంటారు."

నాయన ఆ రాత్రి ప్రసంగం చెప్పలేదు.

కోటు నాయనకి మోకాళ్ళ కిందికొచ్చేది.
బావిలో దిగినవాడిలా తల ఒక్కటే కనబడేది.
వారం వేసుకున్నాడు.
ఎనిమిదో రాత్రి కుడుముల ఈదమ్మ
నెలలు నిండకుండానే కన్నది.
లాంతరుతో అమ్మ, కోటుతో నాయన.
తెల్లారి ఇద్దరూ ఒకే దుప్పట్లో వచ్చారు,
వణుక్కుంటూ, నన్ను చూసి సిగ్గుపడుతూ.
బిడ్డ కోటు చేతిలో పట్టిందట.
బిడ్డ మొత్తం, ఒక్క చేతిలో.

కోటు మళ్ళీ మా ఇంటికి రాలేదు.
మాఘంలో మంచె మీద పోతన్న ఒంటి మీద చూశాను.
శివరాత్రికి దాని మీద కుక్క ఈనింది.
గుండీలు పిల్లకాయల మొలతాళ్ళకి చేరాయి.

నెలాఖరున నాయన ఫారం ముందేసుకున్నాడు.
ఒక సున్నా చుట్టాడు. రెండోదీ చుట్టాడు.
మూడో గడి దగ్గర కలం ఆపి అమ్మని చూశాడు.
అమ్మ కొర్రలు చెరుగుతూ, తలెత్తకుండా,
"కానుకలని ఉంది గదా.
ఎవరు ఎవరికిచ్చిందీ అడగలేదు గదా" అంది.
నాయన రాశాడు: కోటు, ఒకటి.

జవాబు వచ్చేసరికి ఎండలు ముదిరాయి.
ఎర్ర సిరాతో, "కోటు వివరాలు తెలుపగలరు."
వివరాలు అప్పుడే బోర్లా పడడం నేర్చుకుంటున్నాయి,
ఈదమ్మ గుడిసె ముందు, బూడిదలో.
నాయన ఆ కాగితాన్ని రెండు మడతలు పెట్టి
ఉక్కకి ఏడుస్తున్న ఓబేదుకి
విసురుతూ కూర్చున్నాడు.